వియన్నాలో ఒకే ఒక్క శనివారం: ఆరుగురం, అమ్మ మోకాళ్లు, నాలుగేళ్ల పాప. పరుగులు లేకుండా ఎలా తిరగాలి?

ఎంవీపీ కాలనీ:

నమస్కారమండీ. మే నెలాఖరులో వైజాగ్ నుంచి ఆరుగురం యూరప్ వెళ్తున్నాం. నాన్నగారికి 71, అమ్మకి 67, మేమిద్దరం, బాబుకి తొమ్మిది, పాపకి నాలుగు. శుక్రవారం మధ్యాహ్నం వియన్నాలో దిగుతాం. ఆదివారం పొద్దున్న తొమ్మిది దాటాక రైల్లో ప్రాగ్. అంటే చేతిలో ఉన్నది ఒక్క శనివారమే. లేంగెన్‌ఫెల్ట్‌గాసె మెట్రో స్టేషన్ పక్కన వంటగది ఉన్న అపార్ట్‌మెంట్ తీసుకున్నాం.

అమ్మకి మోకాళ్ల నొప్పి. సింహాచలం కొండ మీద బస్సు దిగాక దర్శనానికి మెల్లగా నడిచిపోతుంది గానీ, తొలి పావంచా మెట్లంటే చేతులెత్తేస్తుంది. అలాంటి నడక అనుకోండి. పాప మధ్యాహ్నం పడుకోకపోతే సాయంత్రం అందరికీ నరకం. అమ్మానాన్నా శాకాహారులు, అమ్మ గుడ్డు కూడా ముట్టదు.

నేను రాసుకున్న లిస్టు: షోన్‌బ్రున్ ప్యాలెస్, అక్కడే ఉన్న జూ, స్టెఫాన్స్‌డోమ్ చర్చి, హోఫ్‌బుర్గ్ రాజభవనం, బెల్వెడేర్ ప్యాలెస్, ఆర్ట్ మ్యూజియం, జెయింట్ వీల్, రాత్రికి సంగీత కచేరీ. ఏజెంటేమో ఎక్కడైనా దిగి మళ్లీ ఎక్కే హాప్ ఆన్ టూరు బస్సు ఎక్కితే అన్నీ అయిపోతాయంటున్నాడు. ఇంట్లో మాత్రం పరుగులు పెట్టించావంటే ఊరుకోం అని ముందే చెప్పేశారు. వీటిలో ఏవి ఉంచాలి, ఏవి తీసేయాలి? మధ్యాహ్నం అపార్ట్‌మెంట్‌కి వచ్చి పడుకుంటే రోజు వృథా అవుతుందా? టికెట్లు, తిండి సంగతి కూడా చెప్పగలరు.

లాసన్స్ బే:

ఆ లిస్టు నాలుగు రోజులది. ఆరుగురితో వెళ్లినప్పుడు రోజుకి రెండు పెద్ద చోట్లు, మధ్యలో కూర్చుని చేసే ప్రయాణం ఒకటి. అంతకు మించి పెట్టుకుంటే చూసేదేమీ ఉండదు, క్యూలూ బాత్రూమ్‌లూ వెతుక్కోవడంతో సరి.

ముందు గడియారం సంగతి. మేలో వియన్నా మనకంటే మూడున్నర గంటలు వెనక. ఒళ్లు ఇంకా వైజాగ్ టైములోనే ఉంటుంది కాబట్టి శనివారం తెల్లవారుజామున మూడింటికో నాలుగింటికో మీ ఇంట్లో అందరూ లేచి కూర్చుంటారు. సాయంత్రం ఏడయ్యేసరికి ఒంటికి రాత్రి పదిన్నర. అందుకే ఓపిక కావలసిన పనులన్నీ పొద్దున్నకి పెట్టుకోండి. రాత్రి కచేరీ తీసేయండి, టికెట్ కొని కుర్చీలో నిద్రపోవడానికి అంత ఖర్చు దేనికి? ఇంకో తిరకాసు ఉంది. ఆ రోజుల్లో అక్కడ పొద్దు గుంకేది దాదాపు ఎనిమిది నలభైకి. వెలుతురు చూసి ఇంకా సాయంత్రమే అనుకుంటాం, పిల్లల తిండి వేళ దాటిపోతుంది. వెలుతుర్ని కాదు, వాచీని నమ్మండి.

షోన్‌బ్రున్ మీకు రెండే స్టేషన్లు. యూ4 అనే మెట్రో లైన్‌లో హ్యుటెల్‌డోర్ఫ్ అని రాసున్న వైపు ఎక్కాలి. తోట పొద్దున్న ఆరున్నరకే తెరుస్తారు, ప్రవేశం ఉచితం. ప్యాలెస్ లోపలికి ఎనిమిదిన్నర నుంచి. ఎలాగూ చీకటితోనే లేస్తారు కాబట్టి ఏడున్నరకి బయల్దేరి, కాసేపు తోటలో తిరిగి, మొదటి స్లాట్‌లోనే లోపలికి వెళ్లిపోండి. టికెట్ మీద వేసిన టైముకే లోపలికి వదులుతారు. శనివారం పదింటికల్లా టూరు బస్సులు వాలతాయి, అక్కడికక్కడ కొందామంటే మధ్యాహ్నం స్లాట్ దొరుకుతుంది. ముందే ఆన్‌లైన్‌లో తీసుకోండి. అందులోనూ తక్కువ గదుల టికెట్ చాలు. మొత్తం 1,441 గదులున్న భవనం అది, చూపించేది కొన్నే. వాటిలోనూ పిల్లలకి గుర్తుండేది ఒక్క అద్దాల గది. 1762లో ఆరేళ్ల మోట్సార్ట్ మహారాణి మరియా తెరీజా ముందు వాయించింది అక్కడే. మీ బాబుకి ముందే ఈ ముక్క చెప్పి ఉంచండి, గది వచ్చేదాకా ఓపిగ్గా నడుస్తాడు.

స్ట్రోలర్నీ పెద్ద బ్యాగుల్నీ లోపలికి రానివ్వరు, క్లోక్‌రూమ్‌లో పెట్టాలి. అంటే గంటసేపు పాపని నడిపించాలి లేదా ఎత్తుకోవాలి, ఎవరు ఎత్తుకుంటారో ముందే తేల్చుకోండి. గదులు పై అంతస్తులో ఉంటాయి. లిఫ్ట్ ఉంది గానీ కంటికి కనబడదు, లోపలికి వెళ్లేచోట సిబ్బందిని అడిగితే తీసుకెళ్తారు.

బయటికొచ్చాక వెనక తోట చివర నెప్ట్యూన్ ఫౌంటెన్, దాని వెనక కొండ, కొండ మీద 1775లో కట్టిన గ్లోరియెట్ అనే మండపం కనబడతాయి. చూడ్డానికి దగ్గర్లోనే ఉన్నట్టుంటుంది గానీ మోసం. దారి మెలికలు తిరిగిన ఎక్కుడు, అంతా కంకర. స్ట్రోలర్ చిన్న చక్రాలు కంకరలో కూరుకుపోతాయి. చెప్పులేసుకుంటే అడుగడుక్కీ రాయి దూరుతుంది, కాబట్టి అమ్మగారికి బూట్లే. తోటలో పనోరమాబాన్ అని రబ్బరు చక్రాల చిన్న రైలు తిరుగుతుంది, గ్లోరియెట్ దగ్గర కూడా ఆగుతుంది. అమ్మానాన్నలని అందులో ఎక్కించండి, మీరూ బాబూ నడవండి, పైన కలుసుకోవచ్చు. పైనుంచి ఊరంతా కనబడుతుంది, కైలాసగిరి మీంచి చూసినట్టే, సముద్రం ఒక్కటే తక్కువ.

పదకొండు ప్రాంతంలో యూ4 లోనే హైలిగెన్‌స్టాట్ వైపు ఎక్కి, అయిదో స్టేషన్ కెట్టెన్‌బ్ర్యూకెన్‌గాసెలో దిగండి. స్టేషన్ పక్కనే నాష్‌మార్క్‌ట్. కూరలు, పళ్లు, ఆలివ్‌లు, మసాలాలు, తినుబండారాలు, మధ్యలో ఒకటే పొడుగాటి సందు. శనివారం కాబట్టి పాత సామాను సంత కూడా ఉంటుంది, నాన్నగారికి కాలక్షేపం. ఎదురుగా రోడ్డవతల గోడంతా పూల పెంకులు అతికించిన మేడ ఉంటుంది, దాన్ని మయోలికా హౌస్ అంటారు. ఒట్టో వాగ్నర్ కట్టింది. ఆగి తలెత్తి చూస్తే చాలు, టికెట్ లేదు. భోజనం అక్కడే కానిచ్చి, అదే యూ4 లో మూడు స్టేషన్లు వెనక్కి వస్తే మీ ఇల్లు.

ఇంటికి రావడం వృథా కాదు. మీ రోజంతటికీ అదే ఆధారం. ఒంటిగంట నుంచి మూడున్నర దాకా పాపకి నిద్ర, అమ్మకి కాళ్లు చాపుకోవడం, ఫోన్లకి చార్జింగ్. బాత్రూమ్ సమస్యా తీరుతుంది, ఊళ్లో చాలాచోట్ల దానికి అర యూరో నాణెం చేతిలో ఉండాలి.

నాలుగింటికి మళ్లీ యూ4 ఎక్కి కార్ల్స్‌ప్లాట్స్, అక్కడినుంచి ఒపేరా ముందు ట్రామ్ ఎక్కి రింగ్ రోడ్డు చుట్టేయడం. 1 గానీ 2 గానీ ఏది ముందొస్తే అది. బెల్వెడేర్, హోఫ్‌బుర్గ్ లోపల, ఆర్ట్ మ్యూజియం, మూడూ కొట్టేయండి. ట్రామ్‌లోంచి చూసేదే ఈ రోజుకి చాలు. తర్వాత జెయింట్ వీల్. ఏడున్నరకి తిరుగు ముఖం.

కంచరపాలెం:

పై ప్లాన్‌లో మిగతాదంతా సరే గానీ, ప్యాలెస్ లోపలి టూర్ మీద నాకు వేరే అభిప్రాయం. నాలుగేళ్ల గుంటకి గంటసేపు దేన్నీ ముట్టుకోకు, అరవకు అంటే అది సెలవా, శిక్షా? తోట ఉచితమే, గ్లోరియెట్ దాకా వెళ్లొచ్చు. లోపలి టికెట్ డబ్బు జూకి పెట్టండి.

ఆ జూ 1752 నాటిది. ఇప్పటికీ నడుస్తున్న జూలన్నిటిలోకీ పాతది. 17 హెక్టార్లే, అంటే 42 ఎకరాలు. మన కంబాలకొండ పక్కన జూ 625 ఎకరాలు కదా, కారో బ్యాటరీ బండో లేకపోతే పెద్దవాళ్లు తిరగలేరు. ఇక్కడ ఒక బోను నుంచి ఇంకో బోనుకి నాలుగడుగులు. పాండాలున్నాయి, అవి వైజాగ్‌లో చూడలేరు.

జూ అనుకుంటే షోన్‌బ్రున్ స్టేషన్‌లో దిగొద్దు. ఇంకో స్టేషన్ ముందుకెళ్లి హీట్‌సింగ్‌లో దిగండి, ఆ గేటు దగ్గర. షోన్‌బ్రున్‌లో దిగి ప్యాలెస్ ముందునుంచి జూకి నడిస్తే అమ్మగారి నడిచే ఓపికంతా అక్కడే ఖర్చయిపోతుంది. రెండూ చూద్దాం అని మాత్రం అనకండి. ప్యాలెస్ గంటన్నర, జూ మూడు గంటలు, మధ్యలో నడక. మధ్యాహ్నం నిద్ర ఎగిరిపోతుంది, ఆ తర్వాత సాయంత్రం మొత్తం ఎగిరిపోతుంది.

లేదంటే ముగ్గురు ముగ్గురుగా విడిపోండి. మీ ఆవిడా పెద్దవాళ్లూ ప్యాలెస్, మీరూ పిల్లలూ జూ, పదకొండున్నరకి స్టేషన్‌లో కలయిక. కుటుంబంతో వెళ్తే ఇరవై నాలుగ్గంటలూ ఒక్క గుంపుగానే తిరగాలని రూలేం లేదు కదా.

పెదవాల్తేరు:

తిండి గురించి. ముఖ్యంగా అమ్మగారి కోసం.

అక్కడ శాకాహారం అంటే గుడ్డు కలిసిందే. కాబట్టి వెజిటేరియన్ అని అడగకండి, వెగాన్ అని అడగండి. జర్మన్‌లోనూ అదే మాట, మెనూల మీదా అలాగే రాస్తారు. వెగాన్ అన్నారంటే గుడ్డు ఉండదు. పాలూ ఉండవనుకోండి, అమ్మగారికి ఇబ్బంది లేదు. నోటితో చెప్పాలంటే 'ఓనె ఐ' అంటే గుడ్డు లేకుండా, 'ఓనె ఫ్లైష్' అంటే మాంసం లేకుండా.

చూడ్డానికి శాకాహారంలా ఉండి మోసం చేసేవి ఇవి. ఫ్రిటాటెన్‌సుప్పె: దోసెని సన్నగా కోసి వేసినట్టుంటుంది, కింద నీళ్లు గొడ్డుమాంసం ఉడికించినవి. వియన్నా పద్ధతి బంగాళాదుంప సలాడ్: అదీ చాలాచోట్ల మాంసం రసంతోనే కలుపుతారు. మెనూలో స్పెక్, షింకెన్ కనబడితే పంది మాంసం. ష్మాల్ట్స్ అంటే పంది కొవ్వు. కేజెస్పేట్స్‌లె అనే చీజ్ నూడుల్స్‌లో మాంసం లేకపోయినా పిండిలోనే గుడ్డుంటుంది. కైజర్‌ష్మార్న్ అనే తీపి అట్టు ముక్కలు సరేసరి, గుడ్లే గుడ్లు. సాహర్‌టోర్టె అని ఊరంతా చెప్పుకునే చాక్లెట్ కేకులోనూ గుడ్లే, కాబట్టి అది నాన్నగారికీ పిల్లలకీ. అమ్మగారికి ఆపిల్ స్ట్రూడెల్ అడగండి. దాని పిండి సాధారణంగా మైదా, నూనె, నీళ్లతోనే చేస్తారు. అయినా గుడ్డు లేదు కదా అని ఒకమాట అడగాలి, ఎండుద్రాక్ష రమ్ములో నానబెట్టారేమో కూడా అడగాలి. పక్కన పోసే పచ్చ వెనిలా సాస్ వద్దని చెప్పండి, అందులో గుడ్డు సొన పడుతుంది.

నాష్‌మార్క్‌ట్‌లో ఫలాఫెల్, హమ్మస్, రొట్టె దొరుకుతాయి. ఫలాఫెల్ అంటే మన మసాలా వడకి దగ్గర చుట్టమే, సెనగలతో. ఆ కొట్ల వాళ్లు రుచి చూడమని చెంచాతో అందిస్తారు, ఒకటి నోట్లో వేసుకున్నాక మొహమాటానికి కొనేస్తాం. ఆలివ్‌లూ ఎండు పళ్లూ తూకానికి ఇస్తారు కాబట్టి 'నూరు గ్రాములు' అని చేతిమీద లెక్క చూపించి మరీ తీసుకోండి. లేకపోతే పెద్ద డబ్బా నింపేస్తారు.

అమ్మగారికి అన్నం పడాలంటే పొద్దున్నే నాలుగింటికి లేస్తారు కదా, పులిహోర కలిపేయండి. చింతపండు పేస్టు, సోనా మసూరి రెండు కేజీలు, ఆవకాయ పెట్టెలో పెట్టుకెళ్లొచ్చు. నెయ్యి, పాలకోవా, మాంసం పచ్చళ్లు మాత్రం వద్దు. ఐరోపా దేశాల్లోకి బయటి దేశాల నుంచి ప్రయాణికులు మాంసం, పాల పదార్థాలు తీసుకెళ్లడం నిషేధం, కస్టమ్స్‌లో పారేస్తారు. నేతిలో వేగిన మాడుగుల హల్వా కూడా తిరిగొచ్చాకే తినండి. వంటగదిలో ఇండక్షన్ పొయ్యి ఉంటే అల్యూమినియం గిన్నె, మామూలు అల్యూమినియం కుక్కరు పనిచేయవు. అడుగున అయస్కాంతం అంటుకునే గిన్నే కావాలి.

నీళ్లు కొనకండి. వియన్నా కుళాయి నీళ్లు ఆల్ప్స్ కొండల ఊటల నుంచి వస్తాయి, 1873లో వేసిన మొదటి గొట్టాల దారి ఇప్పటికీ నడుస్తోంది. పార్కుల్లో, సంతల్లో తాగునీటి కుళాయిలుంటాయి, సీసా పట్టుకోండి చాలు. ఎప్పుడైనా కొనాల్సి వస్తే సీసా మీద 'ప్రికెల్న్‌డ్' అని ఉంటే సోడా నీళ్లు, పాప ఉమ్మేస్తుంది. 'స్టిల్' అని ఉన్నది తీసుకోండి.

ఎంవీపీ కాలనీ:

అందరికీ చాలా థాంక్స్ అండీ. ప్యాలెస్ వర్సెస్ జూ మీద ఇంట్లో ఓటింగ్ పెట్టాం. పిల్లలూ నేనూ జూ, పెద్దవాళ్లూ మా ఆవిడా ప్యాలెస్. విడిపోయే ప్లానే ఖాయం. నాన్నగారు మాత్రం ఆ పెద్ద చర్చి చూడకుండా రానంటున్నారు. జెయింట్ వీల్ బదులు అదా? రెండూ కుదురుతాయా? టికెట్లు ఎలా తీసుకోవాలో ఎవరూ చెప్పలేదు.

భీమిలి దారి:

ముందు లాసన్స్ బే గారి మాటకి ఒక దిద్దుబాటు. 1, 2 ఏదైనా పర్లేదు అనుకుంటే దారి తప్పుతారు. ఒపేరా దగ్గర రింగ్ మీద 1, 2, డి, 71 అన్నీ ఆగుతాయి. కానీ 2 పార్లమెంటు దాటగానే రింగ్ వదిలి ఎడమకి మళ్లి డోర్న్‌బాహ్ అనే శివారుకి పోతుంది. డి నుస్‌డోర్ఫ్ వైపు పోతుంది, 71 బ్యోర్సె అనే స్టాపు దగ్గర ఆగిపోతుంది. మీకు కావలసింది 1 మాత్రమే, అదీ ముందు 'ప్రాటర్ హౌప్ట్‌అల్లే' అని రాసున్నది. అదే 1 వ్యతిరేక దిశలో ష్టెఫాన్-ఫాడింగర్-ప్లాట్స్ అని ఉంటే దక్షిణాన ఇళ్ల మధ్యకి తీసుకుపోతుంది, అక్కడ చూడ్డానికేమీ లేదు. కార్ల్స్‌ప్లాట్స్ స్టేషన్ భూమి లోపల చాలా పెద్దది, దారులు బోలెడు. ఒపేరా అని బాణం ఉన్న దారి పట్టుకోండి, ఇంకోదాంట్లోంచి పైకొస్తే పార్కు అవతల తేలతారు.

ట్రామ్‌లో ఎడమవైపు కిటికీ సీట్లు పట్టుకోండి. ఒపేరా నుంచి ఆ దిశలో వెళ్తుంటే పాత నగరం కుడిచేతి వైపు, పెద్ద భవనాలు చాలావరకు ఎడమవైపు వస్తాయి. మొదట ఎడమన ఒకదానికొకటి ఎదురుగా నిలబడ్డ కవల మ్యూజియాలు, మధ్యలో మరియా తెరీజా విగ్రహం. అదే సమయానికి కుడిన హోఫ్‌బుర్గ్ ముందు మైదానం. ఆ తర్వాత ఎడమన గ్రీకు గుడిలా ఉన్న పార్లమెంటు, ముందు ఎథీనా విగ్రహం. కొంచెం ముందుకెళ్తే ఎడమన రాట్‌హౌస్ అంటే నగరపాలక భవనం, దాని ఎదురుగా కుడిన బుర్గ్‌టియేటర్. ఆపైన యూనివర్సిటీ, జంట గోపురాల వోటీవ్‌కిర్హె చర్చి. చివర్లో ట్రామ్ మలుపు తిరిగి కాలువ పక్కనుంచి పోతుంది, నీళ్లూ ఎడమవైపే. పాత కోటగోడలు కూల్చేయమని 1857లో చక్రవర్తి ఫ్రాన్స్ యోసెఫ్ ఉత్తర్వు ఇచ్చాడు, ఆ ఖాళీలోనే ఈ రోడ్డు వచ్చింది. అందుకే ఇది ఊరి చుట్టూ ఉంగరంలా ఉంటుంది. ష్వేడెన్‌ప్లాట్స్‌లో దిగండి, ఇరవై నిమిషాల లోపు ప్రయాణం. రోడ్డు పనులు, ఊరేగింపులు ఉన్నప్పుడు ట్రామ్‌లని దారి మళ్లిస్తారు కాబట్టి బయల్దేరే ముందు వీన్‌మొబీల్ యాప్‌లో 1 నంబరు ఎలా నడుస్తోందో చూసుకోండి.

చర్చా, వీలా? ష్వేడెన్‌ప్లాట్స్ నుంచి స్టెఫాన్స్‌డోమ్‌కి నడిచి పది నిమిషాలు, కొంచెం ఎత్తు. యూ1 లో అయితే ఒక్క స్టేషన్, లిఫ్ట్‌లో పైకొస్తే ఎదురుగా చర్చే. లోపల వెనక భాగం దాకా ఉచితం. పూజ జరుగుతున్నప్పుడు చూడ్డానికి తిరగనివ్వరు. పైకెక్కాలంటే దక్షిణ గోపురం 343 మెట్లు, మర్చిపోండి. ఉత్తర గోపురానికి లిఫ్ట్ ఉంది, పైన పుమ్మెరిన్ అనే దాదాపు 20 టన్నుల గంట. రంగు పెంకుల కప్పు కూడా దగ్గరగా కనబడుతుంది. 1945 ఏప్రిల్ మంటల్లో పాత కప్పూ పాత గంటా పోయాయి, ఇప్పుడున్నవి ఆ తర్వాతవి. నాన్నగారికి అరగంట చాలు. చర్చి ముందు రాజుల కాలం కోటు, విగ్గు పెట్టుకుని కచేరీ టికెట్లు అమ్మేవాళ్లు చుట్టుముడతారు. ఆగి మాట్లాడితే వదలరు, తల అడ్డంగా ఊపి నడిచిపోవడమే.

అక్కడినుంచి యూ1 లో మూడో స్టేషన్ ప్రాటర్‌ష్టెర్న్. కాబట్టి రెండూ కుదురుతాయి, చర్చి అయిదున్నర లోపు ముగిస్తేనే. ప్రాటర్ పార్కులోకి ప్రవేశం ఉచితం, ఏ ఆటకి ఆ ఆటకి టికెట్. రీజెన్‌రాట్ అనే ఆ వీల్ 1897లో కట్టింది, ఎత్తు 64.75 మీటర్లు. దాన్ని తొట్టి అనలేం, కిటికీలున్న చెక్క గది. సెకనుకి 0.75 మీటరు వేగం కాబట్టి కళ్లు తిరగవు, అమ్మగారూ ఎక్కొచ్చు. శనివారం సాయంత్రం క్యూ ఉంటుంది, టికెట్ ఫోన్‌లో ముందే కొనండి. డబ్బులకి చూసుకుంటే వీల్ మానేసి లిలిపుట్‌బాన్ ఎక్కించినా పిల్లలకి చాలు. 1928 నుంచి నడుస్తున్న చిన్న రైలు, చెట్ల మధ్య నాలుగు కిలోమీటర్ల దాకా తిప్పుతుంది. కైలాసగిరి టాయ్ ట్రైన్ అలవాటైన పిల్లలకి అన్నం పెట్టినట్టే.

ఇక టికెట్లు. పెద్దవాళ్లు నలుగురికీ 24 గంటల టికెట్. మీ ప్లాన్‌లో ఆరేడు సార్లు ఎక్కి దిగుతారు. విడి టికెట్ ఒక దిశలో ఒక ప్రయాణానికే, మధ్యలో బండి మారొచ్చు గానీ ఆగి తిరిగి రావడానికి చెల్లదు. పాపకి ఆరేళ్ల లోపు కాబట్టి టికెట్ లేదు. బాబుకి సగం ధర విడి టికెట్లు ఉంటాయి. స్టేషన్లలో గేట్లుండవు, ఎవరూ అడగరు. అసలు చిక్కంతా అక్కడే. కాగితం టికెట్ కొని నీలం పెట్టెలో దూర్చి స్టాంపు వేయించకపోతే అది కొననట్టే లెక్క. మామూలు బట్టల్లో తనిఖీ వాళ్లు ఎక్కుతారు, తెలియదంటే వినరు, జరిమానా తలకి వంద యూరోలు దాటుతుంది. అందరి టికెట్లూ ఒకళ్ల జేబులోనే ఉంచారనుకోండి, జూ బ్యాచ్ ఖాళీ చేతులతో దొరుకుతుంది. విడిపోయే ముందు ఎవరివి వాళ్లకి ఇచ్చేయండి.

శుక్రవారం విమానాశ్రయం నుంచి వచ్చేటప్పుడు ఈ ఊరి టికెట్ చాలదు, విమానాశ్రయం నగర జోన్ బయట ఉంది. ఎస్7 లోకల్ రైలుకి పూర్తి దూరానికి టికెట్ తీసుకోండి. క్యాట్ అనే ఆకుపచ్చ ఎక్స్‌ప్రెస్ 16 నిమిషాల్లో వీన్ మిట్టెకి చేరుస్తుంది గానీ టికెట్ వేరే, ఖరీదెక్కువ. ఎస్7 అదే స్టేషన్‌కి పది నిమిషాలు ఎక్కువ తీసుకుంటుంది, అంతే.

సాగర్ నగర్:

వాన పడితే? మే నెలలో అక్కడ వాన మామూలే, మన తుపాను వానలా కాదు, సన్నగా గంటలకొద్దీ. అప్పుడు తోట, జూ, సంత అన్నీ పోతాయి.

దానికి సహజ చరిత్ర మ్యూజియం పెట్టుకోండి. ట్రామ్‌లోంచి కనబడతాయన్న కవలల్లో ఒకటి. 19 ఏళ్ల లోపు వాళ్లకి ప్రవేశం ఉచితం కాబట్టి నలుగురికే టికెట్. మంగళవారం సెలవు, శనివారం ఉంటుంది. డైనోసార్ల హాలు పిల్లలకి. 1908లో దొరికిన విలెన్‌డోర్ఫ్ వీనస్ నాన్నగారికి, అరచేతిలో ఇమిడే రాతి బొమ్మ, ముప్పై వేల ఏళ్ల దరిదాపు పాతది. పెద్ద హాలు చూసి అంతా తిరగాలనుకోకండి, ఆ రెండూ చూసి గుమ్మటం కింద ఉన్న కేఫ్‌లో కూర్చోండి. బాబు ఒకవేళ చక్రవర్తులు పోగేసిన బొమ్మలూ పటాలూ అంటే ఎదుటి మ్యూజియం, దానిలోనూ పిల్లలకి ఉచితమే.

ఇంకొకటి. రోడ్డు పక్కన వేరే రంగు వేసిన సన్న దారి సైకిళ్లది. మనవాళ్లు ఫొటో కోసం వెనక్కి జరుగుతూ సరిగ్గా దాని మీద నిలబడతారు. సైకిలు వాళ్లు ఆగరు, గంట కొట్టి మీదికొచ్చేస్తారు. పాప చెయ్యి ఆ వైపు ఉండకుండా చూసుకోండి. ఎస్కలేటర్ మీద కుడివైపు నిలబడాలి, ఎడమ నడిచేవాళ్లకి. ఆరుగురూ అడ్డంగా నిలబడితే వెనకనుంచి మాట పడుతుంది.

ఎంవీపీ కాలనీ:

అంతా రాసుకున్నానండీ. ఆఖరిది. ఆదివారం రైల్లోకి పాలు, పెరుగు, బ్రెడ్ శనివారం రాత్రి తిరిగొచ్చేటప్పుడు కొనుక్కోవచ్చా?

పెదవాల్తేరు:

రాత్రికి కుదరదు. సూపర్ మార్కెట్లు శనివారం సాయంత్రం ఆరింటికే మూసేస్తారు, ఆదివారం అసలు తెరవరు. మధ్యాహ్నం ఇంటికొచ్చే దారిలో కొనేసి ఫ్రిజ్‌లో పెట్టేయండి. మర్చిపోతే పెద్ద రైల్వే స్టేషన్లలో ఉన్న కొట్లే గతి. ప్రాటర్‌ష్టెర్న్ స్టేషన్‌లో ఒకటుంది, వీల్ నుంచి తిరిగొచ్చే దారే. ప్రాగ్ రైలు ఎక్కే హౌప్ట్‌బాన్‌హోఫ్‌లోనూ ఉంది, ఆదివారం తెరిచే ఉంటుంది గానీ ఊరంతా అక్కడికే వస్తారు కాబట్టి బిల్లు దగ్గర క్యూ పొడుగు. పెరుగుకి 'నటూర్‌యోగుర్ట్' అని ఉన్న డబ్బా తీసుకోండి, మిగతావాటిలో పంచదార ఉంటుంది.

భీమిలి దారి:

రైలు సంగతి వచ్చింది కాబట్టి ఇంకో ముక్క. 24 గంటల టికెట్ మీద స్టాంపు శనివారం ఏడున్నరకి పడితే ఆదివారం ఏడున్నరకి చచ్చిపోతుంది. మీ రైలు తొమ్మిది దాటాక. లేంగెన్‌ఫెల్ట్‌గాసె నుంచి యూ4 లో కార్ల్స్‌ప్లాట్స్, అక్కడ యూ1 కి మారి రెండో స్టేషన్ హౌప్ట్‌బాన్‌హోఫ్. ఆ ప్రయాణానికి పెద్దవాళ్లు నలుగురికీ విడి టికెట్లు శనివారం రాత్రే కొని పెట్టుకోండి, ఆదివారం పదిహేనేళ్ల లోపు పిల్లలకి ఉచితం కాబట్టి బాబుకి అక్కర్లేదు. స్టాంపు మాత్రం ఆదివారం ఎక్కే ముందే.